ముడి అక్కర్లేని దారం

భూదేవి పెదవులను బతికుండగానే కుట్టారు. ఇన్‌స్పెక్టర్ నగేశ్ ఈ సంగతి ఎక్కడా రాయలేదు, రాయడు కూడా. పొద్దున మార్చురీలో ఆమె చెల్లెలి పక్కన నిలబడి నేనే చూశాను. ప్రాణం పోయిన ఒంటికి సూది గుచ్చితే వాపు రాదు. ఆమె పెదవులు రెండూ ఉబ్బి, కమిలి, నల్లగా ఉన్నాయి. నోరు కుట్టేశాక ముక్కు మూశారు. అరిచే దారి కూడా లేకుండా చేసి చంపారు వెధవలు.

భూదేవి జనగామలో భాస్కర్ డాక్టర్ నర్సింగ్‌హోంలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆస్పత్రి వెనకున్న రేకుల క్వార్టర్‌లో ఒక్కతే ఉండేది. శనివారం రాత్రి చంపితే ఆదివారం పొద్దున పాలు పోసేవాడు చూశాడు. అదే రోజు సాయంత్రం ప్రత్యేక బృందం అంటూ నగేశ్ దిగాడు. దిగీ దిగగానే థియేటర్‌లో పనిచేసే ఆమెర్ అనే కుర్రాణ్ని జీపులో వేసుకుపోయాడు. దర్యాప్తు అంటే అతనికి అంతే. తలుపు దగ్గర ఎవడు కనిపిస్తే వాడే నేరస్థుడు.

నా పేరు కహ్కషాన్. ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ఆస్పత్రి బిల్లుల వెనక నిజాలు తవ్వడం నా పని. లేని రోగాలు, చెయ్యని ఆపరేషన్లు, చచ్చినవాళ్ల పేరున మందులు. మర్యాదగా అడిగితే ఎవరూ నిజం చెప్పరని ఈ పనిలోనే నేర్చుకున్నాను, అందుకే మర్యాద కాస్త తగ్గించుకున్నాను. నన్ను ఇందులోకి దింపింది ఆమెర్ తల్లి ఖమర్ బీ. తెల్లవారకముందే వచ్చి మా గడప మీద కూలబడింది.

"బేటీ, నా కొడుకు తల పగలగొట్టిన్రు. సూర్యాపేట తొవ్వల మూసేసిన పత్తి మిల్లు ఉన్నది గద, దాని గెస్ట్‌హౌస్‌ల పెట్టిన్రు. కిటికీలకెల్లి చూసిన. చొక్కా అంత నెత్తురు. దవాఖానకు తీస్కపోండ్రి సాబ్ అని కాళ్లు మొక్కిన. మా డాక్టరే వచ్చి కుట్లు ఏస్తడు, నువ్వు పో అన్నరు."

"ఏం అడుగుతున్నరు వాణ్ని, ఖాలా?"

"నేనే చంపిన అని ఒప్పుకోమంటున్నరు. పొద్దూకేలోపల ఒప్పుకోకుంటే పాణంతోని కనపడడు అన్నరు." ఆమె ఏడవలేదు. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "వాని అబ్బా పోయినంక నాకు వాడొక్కడే."

అదీ సంగతి. పొద్దుగూకేలోపు అసలువాడు దొరకకపోతే ఆమెర్ దక్కడు.

*

మధ్యాహ్నం ఎండలో నేను నర్సింగ్‌హోంకు వెళ్లేసరికి క్వార్టర్ తాళం తీసి గడప దగ్గర నిలబడి ఉన్నాడు ముత్యం. ఆస్పత్రి మంచిచెడ్డలన్నీ చూసుకునేది అతనే. యాభై దాటిన మనిషి, తెల్లటి పొట్టిచేతుల చొక్కా, ఎవరితోనైనా నెమ్మదిగా మాట్లాడతాడు. రోగులు డాక్టర్ కన్నా ముందు అతన్నే వెతుక్కుంటారు.

"అక్కా, ఎండన వడి వచ్చినవు. నీళ్లు తాగుతవా?" అని స్టీలు గ్లాసు అందించాడు.

గ్లాసు తీసుకుంటూ అతని చేతులు చూశాను. ఆ రోజు నేను ఎవరిని కలిసినా ముందు చేతులే చూస్తున్నాను. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ కుట్లు కత్తిరించి నోరు తెరిస్తే భూదేవి పళ్ల సందులో చర్మం ముక్క దొరికింది. చావబోతూ ఆమె ఎవణ్నో కండ ఊడేలా కరిచింది. ముత్యం చేతులు మోచేతుల దాకా శుభ్రంగా ఉన్నాయి, గీత కూడా లేదు. అతన్ని పక్కన పెట్టేశాను. నా తెలివి అప్పుడు అంతవరకే పనిచేసింది.

లోపల నగేశ్ నా కోసమే కాచుకున్నట్టు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను ఆత్మహత్య అని మూసేసిన రెండు కేసులను నేను తెరిపించాను. అప్పటి నుంచి నన్ను చూస్తే అతనికి ఒళ్లు మంట. కండలు కనపడాలని ఎప్పుడూ చొక్కా చేతులు పైకి మడిచే మనిషి, ఇవాళ మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నాడు.

"ఏంది సార్, పెండ్లికి పోతున్నరా?" అన్నాను.

"కోర్టుకు. నీ పిల్లగాణ్ని తీస్కపోవాలె గద." నవ్వాడు. "చూస్కో మేడం. మస్తు చూస్కో. అన్నీ అయిపోయినయ్. థియేటర్ తాళంచెవి ఆమెర్ దగ్గర ఉంటది. దారం థియేటర్‌దే. ఇంకేం కావాలె?"

అతనితో వాదన తర్వాత పెట్టుకోవచ్చని గది చూశాను. ఇనుప మంచం, చెక్క స్టూలు, గోడ మీద మూరెడు ఎత్తున చిమ్మిన నెత్తురు. మంచం ఊచలకు సెలైన్ గొట్టం ముక్కలు ఇంకా కట్టి ఉన్నాయి. భూదేవి చేతులు కట్టింది వాటితోనే. ఆమె మణికట్ల దగ్గర గాజులు పగిలి లోపలికి దిగి ఉండడం మార్చురీలో చూశాను. వంగి నేల చూశాను. మంచం కోళ్లు ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి నేల మీద తుప్పు గుండ్రాలు పడ్డాయి. ఇప్పుడు ఆ గుండ్రాలు ఖాళీగా ఉన్నాయి. తల వైపు మంచాన్ని గోడ నుంచి మూరెడు ఇవతలికి లాగారు.

"ఇద్దరు," అన్నాను.

"ఏంది?"

"తల వెనకాల మనిషి పట్టేంత జాగ చేసిన్రు. ఒకడు వెనక నిలబడి దవడ పట్టుకున్నడు. ఇంకొకడు స్టూలు మీద కూసొని కుట్టిండు. ఇద్దరు లేంది ఈ పని కాదు."

"మత్తు సూది ఇచ్చి కుట్టిండు. ఒక్కడే."

"మత్తు ఇస్తే చేతులు కట్టుడు దేనికి?"

నగేశ్ చొక్కా చేతి గుండీ సర్దుకున్నాడు. నేను ఆగలేదు.

"ఆ దారం చూసిన్రా మీరు? మామూలు దారం కాదు. దానికి పొడుగునా సన్నటి ముళ్లుంటయి. గడ్డి వెన్ను చొక్కా చేతుల పెడితే పైకి పోతది, కిందికి రాదు చూడు, గట్ల. ముందుకు లాగితే పోతది, వెనకకు లాగితే కండను పట్టుకుంటది. అందుకే దానికి ముడి అక్కర లేదు. దారం వెనక కొసకు చిన్న కన్నం ఉంటది, సూదిని దాంట్లకెల్లి తీసి మొదలువెడతరు. చివరికి రెండు కుట్లు వెనకకు వేసి మొదలంట కత్తిరిస్తరు. ఆమెర్ రోజూ ఆ పాకెట్లు విప్పి డాక్టర్ చేతికి ఇస్తడు. వానికి ఇది కండ్లు మూసుకున్నా తెలుసు."

"అయితే?"

"అయితే భూదేవి నోటికి మొదట్ల ముడి ఉన్నది. చివర్ల మూడు చుట్ల ముడి ఉన్నది. దాని మీద రెండు వేళ్ల పొడుగు తోక ఉన్నది. ఈ దారం సంగతే తెల్వనోడు కుట్టిండు. ఆమెర్ కాదు."

"కోర్టుల జడ్జికి కుట్లు అల్లికలు నేర్పిస్తవా?" నగేశ్ గోడ వదిలి నా ముందుకు వచ్చాడు. "ముడి వేస్తే ఏంది, వేయకుంటే ఏంది?"

"ఆమె కరిచింది ఎవరినో కూడా చూడాలె. ఆమెర్ ఒంటి మీద కాటు ఉన్నదా?"

"మా డాక్టర్ చూస్తడు."

"మీ డాక్టర్ ఎందుకు, సర్కారు దవాఖానకు పంపుండ్రి."

అతని చెయ్యి నా భుజం మీద పడింది. చూపులకు స్నేహంగా వేసినట్టే ఉంది గానీ బొటనవేలు ఎముక మీద నొక్కుతోంది, కళ్లలో నీళ్లు తిరిగేంత. "కహ్కషాన్ మేడం, నీ బీమా కాయితాలు నువ్వు చూస్కో. నాతోని పెట్టుకుంటే నీ స్కూటీ ఏదో ఒక లారీ కిందికి పోతది."

భుజం విదిలించుకున్నాను. నొప్పి పుట్టిందని వాడికి తెలియనివ్వడం ఇష్టం లేక గట్టిగా నవ్వాను. ఆ ఎడమ చెయ్యి ఇక పైకి లేవనంది. నగేశ్ బయటికి పోతూ ఫోన్ తీసి ఎవరికో చేశాడు. కాసేపటికి ముత్యం ఒక చేతిసంచీ పట్టుకుని బండెక్కి వెళ్లడం కిటికీలోంచి కనిపించింది. ఆస్పత్రి పనేమో అనుకున్నాను.

*

మార్చురీలో భూదేవి చెల్లెలు ఒక మాట చెప్పింది. గురువారం అక్క మహబూబాబాద్ సర్కారు దవాఖానకు పోయి వచ్చిందనీ, వచ్చినప్పటి నుంచి అన్నం ముట్టలేదనీ. అక్కడికి ఫోన్ చేసి భూదేవి ఎవరిని కలిసిందో కనుక్కునేసరికి నాలుగు చేతులు మారింది. చివరికి సర్జన్ జువేరియా దొరికింది.

"ఆపా, భూదేవి గురించి ఎవరన్న అడుగుతరేమో అని చూస్తున్న," అంది. "పోలీసులకు నేనే రెండుసార్లు ఫోన్ చేసిన. ఎవరో నగేశ్ అట, అవసరం లేదు పెట్టెయ్ అన్నడు."

"నాకు అవసరం ఉన్నది. చెప్పు."

"రేణుక అని ఒకామెను మా దగ్గరికి తెచ్చిన్రు. కొడకండ్ల కోడలు, తల్లిగారిది మా దిక్కు. జనగామల భాస్కర్ డాక్టర్ దగ్గర గర్భసంచి తీయించుకున్నది. కడుపు కుండ తీరు ఉబ్బింది, ఒకటే వాంతులు. కోసి చూస్తే లోపల కుట్టిన దారానికి తోక వదిలేసిన్రు. ముళ్ల దారం. ఆ తోక పేగును పట్టుకున్నది, పేగు మెలిపడి నల్లగైంది. మేము చేసేదంత చేసినం. దక్కలేదు."

"తోక మొదట్ల ముడి ఉన్నదా?"

"ఉన్నది. మూడు చుట్లు. ముళ్ల దారానికి ముడి ఏందని మేమందరం అనుకున్నం. ఆ ముక్కను సీసాల వేసి దాచిన. మీకెట్ల తెలుసు?"

నాకెట్లా తెలుసో చెప్పాను.

"భూదేవి వచ్చి నా ముందట ఏడ్చింది," అంది జువేరియా. "రేణుకకు లోపల కుట్టింది డాక్టర్ కాదు మేడం అన్నది. ఎవరు అంటే చెప్పలేదు. ఇంకా చాలా ఉన్నది, ఒక్క రేణుక సంగతే కాదు, ఆదివారం వచ్చి అంత చెప్త అని పోయింది."

ఆదివారం చెప్తానన్న మనిషి నోరు శనివారం రాత్రే కుట్టేశారు. రేణుక కడుపులో ముడి వేసిన చెయ్యే భూదేవి పెదవుల మీద ముడి వేసింది. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిన నోరు ఇప్పుడు జనగామలో ఒక్కటే మిగిలింది. నేను నేరుగా భాస్కర్ డాక్టర్ గదిలోకి పోయి లోపలి నుంచి గడియ పెట్టాను.

*

భాస్కర్ మెత్తటి మనిషి. చేతులు మాత్రం తెగ చక్కగా ఉంటాయి, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. కాటు లేదు. బల్ల మీద ఏదో రోగి తెచ్చిచ్చిన బత్తాయి పండ్లున్నాయి. ఒకటి తీసి గోటితో తొక్క చీల్చి ఆయన ముందు పెట్టాను.

"డాక్టర్ సాబ్, ఆ ముళ్ల దారం ఎట్ల కుడతరో నాకు సమజ్ కావాలె. కోర్టుల ఆమెర్ తరఫున చెప్పాలంటే నేను చూసి ఉండాలె. జర కుట్టి చూపెట్టుండ్రి."

"గిదేం పని మేడం, ఈ టైంల." అన్నాడు గానీ, పనితనం చూపించమంటే ఆయనకు లోపల సంబరమే. సొరుగులోంచి పాకెట్ తీసి చించాడు. ఊదారంగు దారం. సూదిని తొక్కలో దించి, కొసనున్న కన్నంలోంచి తీసి లాగాడు. చీలిక దానంతటదే మూసుకుంది. ముడి లేదు. చకచకా చివరిదాకా కుట్టి, రెండు కుట్లు వెనక్కి వేసి, దారాన్ని తొక్కకు ఆనించి కత్తిరించాడు. వేలితో తడిమితే కొస తగల్లేదు.

"తోక వదలరా?" అడిగాను.

"అమ్మో, తోక వదిలితే ఇంకేమన్న ఉన్నదా. లోపల పేగుకు తట్టుకుంటది."

"రేణుక కడుపుల తట్టుకున్నట్టు."

ఆయన చేతిలోని కత్తెర బల్ల మీద పడింది.

"మీరు తోక వదలరు. అంటే రేణుకకు కుట్టింది మీరు కాదు. మరి మీరే కుట్టినట్టు సంతకం ఎందుకు పెట్టిన్రు?"

"మేడం, గది..."

"నిన్న పొద్దున భూదేవి శవాన్ని మొదలు చూసిన డాక్టర్ మీరే. ఆ ముడి మీకు కనపడింది. ఎవరి ముడో మీకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఆమెర్‌ను జీపులెక్కిస్తుంటే నోరు మూసుకొని నిలబడ్డరు."

భాస్కర్ కళ్లలోంచి నీళ్లు కారాయి. నాకు జాలి కలగలేదు. లేచి ఆయన చెంప మీద ఒకటి కొట్టాను. చదువుకున్న చెంప, నా చెయ్యి మంటెత్తింది.

"చెప్పు."

"ముత్యం," అన్నాడు. "ఆ రోజు హన్మకొండల నాకు ఇంకో ఆపరేషన్ ఉండె. రేణుకకు గర్భసంచి తీసిన, నెత్తురు ఆగింది, ఇంక కుట్టుడే మిగిలింది. నేను కుడత మీరు పోండ్రి అన్నడు. ఎప్పుడూ పైన కుట్లు ఆయినే ఏస్తడు మేడం. లోపల ఏసుడు గదే మొదలు."

"ముత్యం డాక్టరా?"

"కంపౌండర్. భూపాలపల్లిల ఒక క్లినిక్‌ల ఉండె. బొగ్గు బాయిల దెబ్బ తాకినోళ్లకు ఇరవై ఏండ్లు కుట్లేసిండు. నల్ల సిల్కు దారం. చెయ్యి మస్తు సాఫ్."

నల్ల సిల్కు దారానికి ముడి వెయ్యాల్సిందే, లేకపోతే ఊడిపోతుంది. చర్మం మీద తోక వదలాల్సిందే, వారం పోయాక కుట్లు విప్పేవాళ్లు పట్టుకోవడానికి కొస కావాలి గనక. ఇరవై ఏళ్లు అదే చేసిన చెయ్యి ముళ్ల దారం ఇచ్చినా అదే చేసింది. చంపబోయే మనిషి పెదవుల మీద కూడా, రేపెవరో వచ్చి విప్పుతారన్నట్టు, అలవాటు కొద్దీ తోక వదిలింది. గ్లాసుతో నీళ్లిచ్చిన చెయ్యి అదే. అక్కా అన్న నోరు అదే. నేను ఆ నీళ్లు తాగాను.

"కాటు లేదని వదిలేసిన," అన్నాను, ఆయనతో కాదు, నాతో నేనే. పట్టుకారుతో కుట్టేవాడి చెయ్యి భూదేవి పళ్లకు ఎలా అందుతుంది? కరిచింది వెనక నిలబడి దవడ పట్టుకున్నవాణ్ని. ముత్యం చేతులు శుభ్రంగానే ఉంటాయి.

"ముత్యం ఎక్కడ?"

"నగేశ్ సార్ ఫోన్ చేస్తే పోయిండు. ఆమెర్ తలకు కుట్లు వెయ్యాలెనట." నా ముఖం చూసి భాస్కర్ గొంతు తగ్గించాడు. "పోలీసుల చేతుల దెబ్బలు తాకితే సర్కారు దవాఖానల రాస్తరు గద మేడం. జడ్జి అడుగుతడు. అందుకని ఎప్పుడైనా ముత్యాన్నే పిలుస్తరు."

మా డాక్టర్ అంటే ఈ డాక్టర్. రేణుక ఆపరేషన్ రోజు థియేటర్‌లో భాస్కర్, ముత్యం కాక ఉన్నది ఇద్దరే. ఒకరు భూదేవి. రెండోవాడు ఆమెర్. అతన్ని పోలీసులే కట్టేసి ముత్యం ముందు పెట్టారు.

"ఎస్పీ ఆఫీసుకు ఫోన్ చెయ్. నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పు. లేకపోతే రేణుకను చంపింది నువ్వే అని ఊరంత తిరిగి నేను చెప్త," అని తలుపు తీసుకుని పరిగెత్తాను. ఆయన చెయ్యి ఫోన్ మీద ఉండడం చూశాను. చేశాడో లేదో చూడలేదు.

*

పత్తి మిల్లు గేటు ముందు ఖమర్ బీ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చుని ఉంది. పొద్దు పడమటికి దిగింది. గేటుకు గొలుసు, కాపలా ఎవరూ లేరు. నన్ను చూడగానే లేచింది. ముఖంలో కాస్త తేట కనిపించింది.

"బేటీ, డాక్టర్ సాబ్ వచ్చిండు. మంచి మనిషి. ఏడ్వకు అమ్మ, నీ కొడుక్కు నొప్పి తెల్వకుండ కుడత అన్నడు."

హెల్మెట్ చేతికి తగిలించుకుని, పనిచేసే భుజంతో గోడ పట్టుకుని ఎక్కి దూకాను. మోకాలు చిట్లింది.

గెస్ట్‌హౌస్ వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూశాను. ఆమెర్‌ను ఇనుప మంచానికి సెలైన్ గొట్టాలతో కట్టారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నుదుటి మీద గాయం నీటుగా కుట్టి ఉంది, ప్రతి కుట్టుకూ ముడి, ప్రతి ముడికీ తోక. పక్కనే స్టూలు మీద ముత్యం. అతని ఒళ్లో ట్రే. అందులో ఇంకో ముళ్ల దారం పాకెట్ విప్పి, సూదిని పట్టుకారుకు బిగించి సిద్ధంగా పెట్టుకున్నాడు. కుట్లు ఇంకా మిగిలాయేమో అనుకుంటూ అతని చేతిలో ఉన్నది చూశాను. సిరంజి.

ట్రేలో పగిలిన మందు బుడ్డి పేరు నాకు తెలుసు. ఆపరేషన్‌లో ఒళ్లంతా సడలించడానికి ఇచ్చే మందు. గొంతులో గొట్టం పెట్టి ఊపిరి అందించకపోతే మనిషి కళ్లు తెరిచి అంతా చూస్తూనే ఊపిరాడక పోతాడు. అరవలేడు, కదల్లేడు. బయటికి మాత్రం గుండె ఆగినట్టే ఉంటుంది. కుట్లు వేశాం, మందిచ్చాం, పాపం గుండె ఆగింది అంటారు.

"ఏమీ కాదు బిడ్డా, జర నిద్ర పడతది," అంటున్నాడు ముత్యం, ఆమెర్ చెయ్యి నిమురుతూ.

తలుపు తన్ని లోపలికి పోయాను. అతను తల తిప్పేలోపే హెల్మెట్ చెవి మీద పడింది. సిరంజి ఎగిరి గోడకు తగిలి పగిలింది. ముత్యం పడలేదు. ఆ వయసులో అంత బలం ఉంటుందని నేను అనుకోలేదు. కత్తెర అందుకుని నా మీదికి వచ్చాడు, అప్పటికీ ముఖంలో కోపం లేదు. మొదటి పోటు తప్పింది. రెండోది నా ముంజేతిని మణికట్టు నుంచి పైదాకా చీరింది. నెత్తురు వెచ్చగా వేళ్ల మీదికి దిగింది. రెండోసారి హెల్మెట్‌తో ముక్కు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. మోకాళ్ల మీద కూలి, ఎడమ చేత్తో మంచం ఊచ పట్టుకున్నాడు.

పట్టుకారు నేల మీద నా కాలి దగ్గరే పడి ఉంది, సూది దానికే ఉంది. తీసి అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దించి, అవతలి వైపు నుంచి లాగాను. దారం సగం దాకా జారుకుంటూ పోయింది. వెనక మిగిలిన సగాన్ని ఊచకు మూడు చుట్లు తిప్పి పిడికిట్లో బిగించాను.

ముత్యం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కోగానే కేక పెట్టాడు. ముళ్లు కండను పట్టుకున్నాయి. మళ్లీ లాగాడు, మళ్లీ కేక. వేళ్ల మధ్య చర్మం గుడారంలా లేచి చిరగడం మొదలైంది.

"ముందటికి గుంజితే వస్తది ముత్యం," అన్నాను రొప్పుతూ. "వెనకకు రాదు. కడుపుల పెట్టి కుట్టినవ్ గద, ఈ దారం ఎట్లుంటదో ఒక్కసారన్న చూడాలనిపించలేదా నీకు?"

మంచం మీది నుంచి ఆమెర్ నన్ను చూస్తున్నాడు. పగిలిన పెదవులు కదిలాయి. "ఆపా," అన్నాడు. "వెనక."

అప్పటిదాకా నేను పట్టించుకోని చప్పుడు, వరండాలో ఎవరో చెంబుతో నీళ్లు పోసుకుంటున్నది, ఆగింది. నగేశ్ తలుపు దగ్గరికి వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి, వేళ్ల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కుడి ముంజేతి మీద పళ్ల గుర్తులు అర్ధచంద్రంలా ఉన్నాయి, మధ్యలో రూపాయి బిళ్లంత కండ లేదు. దాని చుట్టూ మూడు కుట్లు, ప్రతిదానికీ ముడి, ముడికి తోక.

నేను మధ్యాహ్నం పెళ్లికి పోతున్నారా అని వేళాకోళం చేసిన గుండీల కింద ఉన్నది ఇది.

"గోడ దూకినవా మేడం?" అన్నాడు. గొంతులో తొందర లేదు.

"దవడ పట్టుకున్నది నువ్వా."

"ఏం చెయ్యమంటవ్. పదేండ్ల సంది నా చేతుల దెబ్బలు తిన్నోళ్లందరికి కుట్లేసింది ముత్యమే. కొందరు కుట్లేసినంక కూడా పోయిన్రు. పక్కన నిలబడి దూది అందించింది భూదేవి. రేణుక సంగతొక్కటే చెప్పి ఊకుంటే ఊకుంటుంటి. అంత చెప్త అని ముత్యంతోనే అన్నదట." తన ముంజేయి చూసుకున్నాడు. "మస్తు గట్టిగ కరిచింది."

లోపలికి వచ్చి తలుపు మూసి గడియ పెట్టాడు. నా ఎడమ చేతి నుంచి నెత్తురు నేల మీద పడుతోంది. కుడి పిడికిట్లో దారం ఉంది. వదిలితే ముత్యం లేస్తాడు. వదలకపోతే నగేశ్‌ను ఆపడానికి నాకు చెయ్యి లేదు. భాస్కర్ ఫోన్ చేశాడో లేదో దేవుడికే తెలియాలి.

"ముత్యం," అన్నాడు నగేశ్, నా వైపే చూస్తూ. "సంచిల ఇంకో పాకెట్ ఉన్నదా?"

ముత్యం విరిగిన ముక్కు నుంచి కారుతున్న నెత్తురును భుజానికి తుడుచుకున్నాడు. "ఉన్నది సార్."

బయట గేటు గొలుసు గలగల ఊగింది. "డాక్టర్ సాబ్," అని ఖమర్ బీ కేకేసి అడుగుతోంది, "నా కొడుక్కు కుట్లు అయిపోయినయా?"